మా ఊరికి మొక్కలు మోసుకొచ్చిన మహానుభావులారా, ఒక్క నిమిషం

పొద్దున్నే మా ఊళ్లోకి రెండు ఏసీ బస్సులు దిగాయి. హైదరాబాద్ నుంచి ఏదో కంపెనీ వాళ్లు. పచ్చ టీషర్టులు, పచ్చ టోపీలు, "అడవి బిడ్డలతో కలిసి అడవిని పెంచుదాం" అని మనిషంత ఫ్లెక్సీ. పశువులు మేసే బీడులో గుంతలు తీయించారు. తీసింది మావాళ్లే, కూలీకి. అందులో టేకు, జామాయిల్ మొక్కలు పెట్టి, ఫొటోలు దిగి, భోజనాల వేళకి భద్రాచలం వెళ్లిపోయారు. రాములవారి దర్శనం కూడా ఉందట మరి, షెడ్యూల్ టైట్.

వాళ్లు పోయాక వెళ్లి చూశా. సగం మొక్కలకి నల్ల పాలిథిన్ కవర్ చింపనే లేదు. కవర్‌తో సహా గుంతలో దించి పైన మట్టి కప్పేశారు. వేరు ఎటు పోవాలి సార్? ఒకదాన్ని పట్టుకొని లాగితే కవర్, మట్టి, మొక్క అన్నీ కలిపి చేతిలోకి వచ్చేశాయి. పక్కనే లామినేషన్ చేసిన బోర్డు, మీద ఎవరో మేనేజర్ గారి పేరు. ఆ బోర్డు కర్ర మాత్రం లాగితే రాలేదు. దాన్ని బాగా పాతారు.

మా పెద్దమ్మ ఆ కంపెనీ వాళ్లని అడిగింది, "ఆవులు ఇక ఎక్కడ మేయాలయ్యా?" అని. ఒకమ్మాయి నవ్వి, "ఇదంతా మీ కోసమేనమ్మా" అంటూ భుజం మీద చెయ్యేసి సెల్ఫీ తీసుకుంది. ఈపాటికి స్టేటస్‌లో పెట్టేసే ఉంటుంది. టేకాకు ఆవు ముట్టదు. జామాయిల్ ఆకు మేక కూడా ముట్టదు. మేక ముట్టదనే కదా ఎక్కడపడితే అక్కడ దాన్నే పెడతారు!

పైగా మాకు చెట్లు పెంచడం మీద అవగాహన కల్పిస్తారట. ఇప్పగింజ ఎండితే మొలవదు, వానలు పడే రోజుల్లో పచ్చిగా ఉండగానే మట్టిలో పడాలి. ఇది మా ఊళ్లో బడికి పోని పిల్లకీ తెలుసు. పోడు సేద్యానికి అడవి కొట్టినా ఇప్ప, తునికి, మొర్రి, చింత మీద గొడ్డలి పడదు. భూమి పండుం, అంటే మా నేల పండగ, చేయనిదే విత్తనం చల్లం. ఇప్ప పువ్వు పూయాలంటే పదేళ్లయినా పడుతుంది కాబట్టి ఎవరి ఏడాది రిపోర్టులోనూ దానికి చోటుండదు. జామాయిల్ అయితే మూడో ఏటికే ఫొటోలో నిలువెత్తు కనబడుతుంది.

అసలు మంట ఈ లెక్కల దగ్గరే. ఫారెస్ట్ సర్వే వాళ్ల కొలతలో హెక్టారుకు మించిన జాగాలో పది శాతం మేర చెట్ల నీడ ఉంటే చాలు, అటవీ విస్తీర్ణం కింద రాసేస్తారు. ఏ చెట్టైనా సరే, ఎవరి భూమైనా సరే. అంటే మామిడితోట అడవే. కొబ్బరితోట అడవే. నాలుగేళ్లకోసారి మొదలంటా నరికి లారీలకెక్కించే జామాయిల్ కూడా అడవే. మా తాత ఇప్పచెట్లు వదిలేసి వాటి మధ్య జొన్న చల్లుకున్న చెలక మాత్రం ఆక్రమణ! 2015లో తెలంగాణ సర్కారు మొక్కలు నాటే పథకం హరితహారం పెట్టినప్పుడు 230 కోట్ల మొక్కలు, 24 శాతం పచ్చదనం 33 అవుతుంది అన్నారు. అన్ని మొక్కలకి జాగా ఎక్కడుంది? బంజారాహిల్స్‌లో దొరకదుగా. పోడు చేల చుట్టూ కందకాలు తవ్వారు, అడ్డుపడినోళ్ల మీద కేసులు పెట్టారు.

సరే, మొక్కల సంగతి వదిలేయండి. 2006 అటవీ హక్కుల చట్టం అనగానే అందరికీ పోడు పట్టాలే గుర్తొస్తాయి. 2023లో ఎన్నికల ముందు పంచారు కూడా. ఊరు ఊరంతా కలిసి తన అడవిని కాపాడుకునే, పెంచుకునే హక్కు కూడా ఆ చట్టంలోనే ఉంది. దాని ఊసు ఎవడూ ఎత్తడు. ఉమ్మడి రాష్ట్రంలో సామూహిక హక్కు పత్రాలు ఇచ్చామని చెప్పుకున్న చోట కూడా చాలావరకు గ్రామసభ పేరు మీద రాయలేదు, వనసంరక్షణ సమితి పేరు మీద రాశారు. అటవీశాఖ కనుసన్నల్లో నడిచే కమిటీ అది. ఇల్లు మాది, తాళంచెవి వాళ్లది.

మా ఊరి అర్జీ అయితే అసలు బతికుందో లేదో తెలీదు. గ్రామసభ తీర్మానం, ముసలోళ్ల వాంగ్మూలాలు, వాగు నుంచి గుట్ట వెనక వెదురు దాకా చేత్తో గీసిన మ్యాపు, అన్నీ పెట్టి ఇచ్చాం. ఈ ఆఫీసులో అడిగితే ఆ ఆఫీసు. అక్కడికి పోతే "సర్వే కావాలి కదా బాబూ". ఏసీ బస్సుకి దారి దొరికింది గానీ సర్వేయర్ బండికి మాత్రం వాగు అడ్డం!

ప్రాణహిత దాటితే గడ్చిరోలి. అక్కడ మెంఢా లేఖా అనే గోండుల ఊరికి 2009లోనే సామూహిక అటవీ హక్కు వచ్చింది. 2011 నుంచి వెదురు వాళ్లే కొట్టి, వాళ్లే అమ్ముకుంటున్నారు, రవాణా పర్మిట్ మీద సంతకం గ్రామసభదే. మరి మాకేం రోగం? మావాళ్లకి సంతకం పెట్టడం రాదా, వెదురు కొట్టడం రాదా? మంత్రిగారు జోడేఘాట్ వెళ్లి కుమురం భీముకి దండ వేసి "జల్ జంగల్ జమీన్" అని మైకులో అరిస్తే మాత్రం చప్పట్లు కొట్టాలి.

ఇక "పోడు వల్లే కదా అడవి పోయింది" అని కామెంట్ పెట్టబోతున్న మేధావులకి: ముందు గూగుల్ మ్యాప్‌లో మణుగూరు వైపు జూమ్ చేసి బొగ్గు గుంతలు ఎంతెంత ఉన్నాయో చూసి రండి. అప్పటిదాకా బ్లాక్.