బ్యాటరీ మార్పించేవారున్నారు జాగ్రత్త

విలువలు పడిపోతున్నాయని పెద్దలు ఊరికే అనరు. మా ఆఫీసులో ఒకాయన ఉన్నాడు. మంచి జీతం, సొంత ఫ్లాటు, పిల్లలిద్దరూ ఇంటర్నేషనల్ స్కూల్లో. అలాంటి మనిషి మొన్న నాలుగేళ్ల నాటి ఫోనుకు బ్యాటరీ మార్పించుకొచ్చాడు. పోనీ గుట్టుగా ఉంచుకున్నాడా? క్యాంటీన్‌లో అందరికీ చూపిస్తూ "ఇంకో రెండేళ్లు ఢోకా లేదు" అన్నాడు. ఎవరూ మందలించలేదు సరికదా, ఇద్దరు షాపు అడ్రసు అడిగి రాసుకున్నారు. జబ్బు ఇలాగే పాకుతుంది.

అసలు ఫోను ఎందుకు కొంటాం? మాట్లాడుకోవడానికని అమాయకులు అనుకుంటారు. కొంతకాలానికి ఇంకోటి కొనడానికి. ఈ చక్రం తిరగాలంటే ఫోనులో ఏదో ఒకటి ముందుగా పోవాలి కదా. ప్రాసెసర్ ఓ పట్టాన పోదు. కెమెరా పోదు. స్క్రీను పగలాలంటే యజమాని కొంత చొరవ చూపాలి. ఎవరి సాయమూ అడక్కుండా ఈ బాధ్యత నెత్తిన వేసుకున్నది పాపం బ్యాటరీ ఒక్కటే. లిథియం అయాన్ బ్యాటరీ వాడితే అరుగుతుంది, వాడకుండా బీరువాలో దాచినా అరుగుతుంది. ఐఫోన్ 14, అంతకు ముందు మోడళ్ల బ్యాటరీలు 500 పూర్తి చార్జింగుల దాకా 80 శాతం సత్తా నిలుపుకునేలా చేశామని ఆపిల్ చెప్పుకుంది. ఐఫోన్ 15 దగ్గరికొచ్చేసరికి ఆ 500 కాస్తా 1,000 అయింది. ఇలా పెంచుకుంటూ పోతే రేపు మన పిల్లలు ఏం కొనుక్కోవాలి?

ఈ బ్యాటరీకి రూపమిచ్చినవారిలో ఒకరు జాన్ గుడెనఫ్. 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ ఇచ్చేనాటికి ఆయనకు 97 ఏళ్లు. అంత వయసులో నోబెల్ అందుకున్నవారు ఇంకెవరూ లేరు. నూరేళ్లు నిండాక 2023లో కన్నుమూశారు. చేసినాయన నిండు నూరేళ్లు బతికారు, చేసిన వస్తువు మూడేళ్లకే మంచం పడుతోంది. జనం మేలు కోసం వస్తువు చేసే త్యాగమంటే ఇదీ.

మన ఎండలు కూడా ఈ సత్కార్యానికి తమ వంతు చెయ్యి వేస్తున్నాయి. ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడుకోమని ఆపిల్ సలహా. మే నెల మిట్టమధ్యాహ్నం రెంటచింతలలోనో రామగుండంలోనో నిలబడి ఈ సలహా చదువుకుంటే మనసుకు చల్లగా ఉంటుంది. బైకు హ్యాండిల్‌కు ఫోను బిగించి, మ్యాపు పెట్టుకుని, నడినెత్తిన ఎండలో బిర్యానీ పొట్లాలు మోసే డెలివరీ కుర్రాడు మిగతావాళ్లు మూడేళ్లలో అరగదీసే బ్యాటరీని ఎంతో ముందే అరగదీస్తాడు. దేశ ఆర్థికాభివృద్ధికి ఇంత చేస్తున్న అతనికి ఒక శాలువా కూడా కప్పలేదు మనం.

అరిగిన బ్యాటరీ లోపల నిరోధం పెరుగుతుంది. కెమెరా ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగగానే వోల్టేజి కూలబడుతుంది. అందుకే 23 శాతం చూపిస్తున్న ఫోను టప్పున ఆరిపోతుంది. సరిగ్గా ఎప్పుడంటే, కిరాణా కొట్లో క్యూఆర్ కోడ్‌కు ఎదురుగా పట్టినప్పుడు. కొట్టాయన మంచివాడే. "పర్లేదు సార్, తర్వాతివ్వండి" అంటాడు. చెయ్యి మాత్రం సరుకుల సంచి మీదే ఉంటుంది, సంచి ఇవతలికి జరగదు.

ఇటువంటప్పుడు బాధ్యత గల పౌరుడు పవర్ బ్యాంకు కొనుక్కుంటాడు. పెళ్లికి వెళ్తే అక్షింతల కన్నా ముందు ప్లగ్గు వెతుక్కుంటాడు. స్లీపర్ బోగీలో చార్జింగ్ పాయింటు దగ్గర సీటున్న ముసలాయనతో చుట్టరికం కలుపుతాడు. ఇవన్నీ చేసి చేసి అలిసిపోయి, ఒక శుభముహూర్తాన ఈఎంఐ మీద కొత్త ఫోను తీసుకుంటాడు. పద్ధతంటే అదీ.

పద్ధతి తెలియనివాళ్లు సర్వీస్ సెంటర్‌కు వెళ్తారు. అదృష్టవశాత్తు అక్కడ కౌన్సెలింగ్ ఏర్పాట్లున్నాయి. ముందు టోకెన్. తర్వాత, డేటా పోతే మాకు సంబంధం లేదన్న కాగితం మీద సంతకం. తెరిచేటప్పుడు వెనక గ్లాసు పగిలితే అదీ తమది కాదని ఇంకో సంతకం. ఆ తర్వాత కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్ చూసి, "మీది పాత మోడల్ సార్" అంటుంది. రిపోర్టు బాగా రాలేదని చెప్పే డాక్టరు కూడా అంత మెత్తగా చెప్పడు. పార్టు స్టాకు లేదట, ఆర్డరు పెట్టాలట, ఎప్పుడొస్తుందో చెప్పలేమట. ఇంకొంచెం వేసుకుంటే ఎక్స్చేంజ్‌లో కొత్తదే వస్తుందట. ఇంత ప్రేమగా చెబితే ఎవరికైనా కళ్లు చెమరుస్తాయి.

అయినా కరగని పాషాణాలున్నాయి. అవి హైదరాబాద్ అబిడ్స్‌లో జగదీశ్ మార్కెట్‌కు పోతాయి. అక్కడ సంభాషణ ఇలా ఉంటుంది.

"ఒరిజినలేనా భాయ్?"

"ఒరిజినలే అన్నా. ఏ ఒరిజినల్ కావాలి?"

బల్ల ఇవతల మనిషికి ఒరిజినల్ అంటే ఒక్కటే. అవతల కుర్రాడి డ్రాయర్లో ఒక్కో ధరకు ఒక్కో ఒరిజినల్. బేరం తెగాక ఫోనును వేడి పలక మీద పెడతాడు, అంచు జిగురు మెత్తబడాలి. రబ్బరు కప్పు అతికించి పైకి లాగుతాడు. వెంట్రుకంత సందు కనబడగానే గిటారు మీటే బిళ్లలాంటి ప్లాస్టిక్ ముక్క దూర్చి, అంచు చుట్టూ నెమ్మదిగా తిప్పుతాడు. బ్యాటరీ కింది జిగురు టేపును తెగకుండా సాగదీసి లాగడంలోనే ఉంది పనితనమంతా. తెగిందో, స్పిరిట్ చుక్కలు వేసి, నానబెట్టి, బతిమాలుకోవాలి. ఉబ్బిన బ్యాటరీకి ఇనుప మొన తగిలితే మంటలు లేస్తాయని తెలుసు గనక ఆ దరిదాపుల్లో స్క్రూడ్రైవర్ ఆడించడు. చేతులు ఇంత పని చేస్తుంటే, చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్న సొంత ఫోనులో ఇంకెవరితోనో డిస్‌ప్లే రేటు మాట్లాడుతుంటాడు. మనం చాయ్ తాగి వచ్చేసరికి ఫోను వెలుగుతూ ఉంటుంది. ఎక్కడా ఒక్క సంతకం లేదు. వ్యవస్థ మీద గౌరవం ఎలా నిలుస్తుంది?

ఫోనుకు మాత్రం విశ్వాసం ఉంటుంది. కొన్ని ఫోన్లు కొత్త బ్యాటరీ పడగానే, ఇది అసలుదో కాదో తేల్చుకోలేకపోతున్నామని తెర మీద ఫిర్యాదు చేస్తాయి.

ఒకప్పుడు పరిస్థితి ఇంతకన్నా ఘోరం. నోకియా రోజుల్లో ఎవడు పడితే వాడు గోటితో వెనక మూత తీసేవాడు. 2007 ఆగస్టులో బీఎల్-5సీ బ్యాటరీలు కొన్ని మితిమీరి వేడెక్కవచ్చని, 4 కోట్ల 60 లక్షల బ్యాటరీల విషయంలో నోకియా హెచ్చరించింది. జనం ఏం చేశారు? మూత తీశారు, బ్యాటరీ మీద నంబరు చూసుకున్నారు, ఆ లాటుదైతే ఉచితంగా కొత్తది తెచ్చి వేసుకున్నారు. అదే ఫోను మళ్లీ వాడుకున్నారు! అంతటి అధికారం సామాన్యుడి గోటికి ఉండకూడదని కంపెనీలన్నీ గ్రహించి మూతలు అతికించేశాయి.

బ్యాటరీ మార్పించుకుంటే ఏం నష్టమని అడిగేవారికి ఒక చేదు ఉదంతం చెప్పాలి. బ్యాటరీ అరిగిన ఐఫోన్లను సాఫ్ట్‌వేర్ ద్వారా నెమ్మది చేస్తున్న మాట నిజమేనని 2017 డిసెంబరులో ఆపిల్ ఒప్పుకుంది. ఫోను ఉన్నట్టుండి ఆరిపోకుండా కాపాడటానికేనని చెప్పింది. జనం వినలేదు. క్షమాపణ చెప్పి, బ్యాటరీ మార్పిడి ధరను 79 డాలర్ల నుంచి 29కి దించాల్సి వచ్చింది. 2020లో ఫ్రాన్స్ రెండున్నర కోట్ల యూరోల జరిమానా కూడా వేసింది. అదలా ఉంచండి, అసలు దెబ్బ వేరే ఉంది. 2019 జనవరి 2న ఆపిల్ సీఈవో హోదాలో టిమ్ కుక్ ఇన్వెస్టర్లకు ఉత్తరం రాస్తూ, ఆదాయం అనుకున్నంత రావడం లేదన్నారు. ప్రధానంగా చైనాను తప్పుబట్టినా, చవగ్గా బ్యాటరీలు మార్పించుకున్నవాళ్లనూ కారణాల్లో చేర్చారు. 29 డాలర్లకు బాగుపడిపోయే ఫోనును జనం పారేస్తూ వచ్చారని ఆ ఉత్తరంలో ఆయన రాయలేదు, చదివినవాళ్లు అనవసరంగా అర్థం చేసుకున్నారు.

యూరప్ మీద ఆశ వదిలేసుకోవచ్చు. 800 సార్లు చార్జ్ చేశాక కూడా బ్యాటరీలో 80 శాతం మిగలాలని 2025 జూన్ 20 నుంచి అక్కడ నిబంధన. చిన్న పరికరాల బ్యాటరీలను వాడేవాళ్లే విప్పుకునేలా ఉండాలన్న చట్టం 2027 ఫిబ్రవరి 18 నుంచి వస్తోంది, మినహాయింపులు కొన్ని ఉన్నాయనుకోండి. మన దగ్గర కూడా 2022 డిసెంబరు 24న కేంద్రం రైట్ టు రిపేర్, అంటే కొన్న వస్తువును బాగుచేయించుకునే హక్కు, పేరిట ఒక పోర్టల్ ప్రారంభించిందని తెలిసి నాకు టెన్షన్ పట్టుకుంది. తెలిసినవాళ్లందరినీ వాకబు చేశాను. దాని పేరు విన్నవాళ్లు ఒక్కరూ తగల్లేదు. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

అయినా ఏమరుపాటు పనికిరాదు కాబట్టి ప్రభుత్వానికి నాదొక విన్నపం. ఇకపై బ్యాటరీ మార్పించదలచినవారు మీసేవలో దరఖాస్తు చేసుకోవాలి. ఓటీపీ ఆ ఫోనుకే రావాలి. ఓటీపీ వచ్చేదాకా ఫోను ఆరిపోకుండా ఉంటే బ్యాటరీ బాగున్నట్టే, మార్చనవసరం లేదు. ఆరిపోతే దరఖాస్తు రద్దు.