మూవ్-ఇన్ డే: షాపింగ్ లిస్టులో ఉండని పనులు

అమెరికాలో పిల్లల్ని కాలేజీలో దించి వచ్చే రోజును మూవ్-ఇన్ డే అంటారు. ఆ సీజన్ ఆగస్టు మధ్యలో మొదలవుతుంది. ఏడాదిని నాలుగు భాగాలు చేసే క్వార్టర్ పద్ధతిలో నడిచే యూనివర్సిటీల్లో అయితే సెప్టెంబర్ చివరిదాకా సాగుతుంది. అంతకు రెండు నెలల ముందు నుంచే తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే చర్చ. మినీ ఫ్రిజ్ కొనాలా, అద్దెకు తీసుకోవాలా? మంచం కింద పట్టే డబ్బాలు ఎక్కడ దొరుకుతాయి? డార్మ్ (కాలేజీ హాస్టల్) మంచాలు చాలాచోట్ల ట్విన్ ఎక్స్‌ఎల్ సైజు. అంటే మామూలు ట్విన్ పరుపు 75 అంగుళాలైతే ఇది 80. ఇంట్లో ఉన్న బెడ్‌షీట్లు దానికి పట్టవు. ఈ సంగతి తెలియని అమ్మానాన్నలు ఇప్పుడు దాదాపుగా లేరు. కానీ అదే గ్రూపులో "మీ అమ్మాయి ఫెర్పా ఫారం మీద సంతకం పెట్టిందా?" అని అడిగి చూడండి. తన చదువు వివరాలు మనకు చెప్పొచ్చని కాలేజీకి ఇచ్చే అనుమతి పత్రం అది. కాసేపు ఎవరూ పలకరు.

షాపింగ్‌ని నేనేమీ తీసిపారెయ్యడం లేదు. బిడ్డ ఇల్లు వదిలి వెళుతుంటే ఏదో ఒకటి చెయ్యాలనిపిస్తుంది, కొనడం అన్నిటికన్నా తేలిక. పైగా కొన్న వస్తువు కళ్లెదుట కనిపిస్తుంది, పని జరిగినట్టు ఉంటుంది. అయితే మరిచిపోయిన వస్తువు ఏదైనా రెండు రోజుల్లో పార్సిల్‌లో వచ్చేస్తుంది. తన పని తను అడిగి చేయించుకునే అలవాటు మాత్రం అలా రాదు. మూవ్-ఇన్ డే నాడు నిజంగా మారేది గది కాదు, అడగాల్సిన మనిషి. అప్పటిదాకా పిల్లల తరఫున స్కూల్‌నీ డాక్టర్‌నీ ఇన్సూరెన్స్ కంపెనీనీ మనం అడిగాం. ఆ రోజు నుంచి వాళ్లే అడగాలి. మనం అడిగినా అవతలి వాళ్లు చెప్పరు.

1974లో వచ్చిన ఫ్యామిలీ ఎడ్యుకేషనల్ రైట్స్ అండ్ ప్రైవసీ యాక్ట్‌నే పొట్టిగా ఫెర్పా అంటారు. స్కూల్లో ఉన్నంతకాలం పిల్లల రికార్డులు చూసే హక్కు తల్లిదండ్రులది. పిల్లలకు 18 ఏళ్లు నిండగానే, లేదా వయసెంతైనా సరే కాలేజీలో చేరగానే, ఆ హక్కు వాళ్లకు వెళ్లిపోతుంది. పదిహేడేళ్లకే కాలేజీలో చేరిన కుర్రాడి మార్కులైనా అంతే. ఫీజు ఎవరు కడుతున్నారన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. మినహాయింపులు కొన్ని ఉన్నాయి. ట్యాక్స్ రిటర్న్‌లో పిల్లల్ని డిపెండెంట్‌గా చూపించినప్పుడు, ఆరోగ్యానికో ప్రాణానికో ముప్పు వచ్చినప్పుడు, 21 ఏళ్ల లోపు పిల్లలు మద్యం, డ్రగ్స్ నిబంధనలు అతిక్రమించినప్పుడు కాలేజీ తల్లిదండ్రులకు చెప్పడానికి చట్టం ఒప్పుకుంటుంది. ఒప్పుకుంటుందే తప్ప చెప్పి తీరాలని ఎక్కడా లేదు. ఏ సందర్భంలో చెప్పాలన్నది కాలేజీలు తమ పాలసీలో రాసుకుంటాయి. మనం డబ్బు కట్టే ముందు చదవాల్సిన పేజీల్లో అదొకటి.

ఈ విషయం చాలామందికి అక్టోబర్‌లో తెలుస్తుంది. ఓ తండ్రి రిజిస్ట్రార్ ఆఫీసుకు ఫోన్ చేస్తాడు.

"మావాడు కాలిక్యులస్ డ్రాప్ చేశాడని తెలిసింది. నిజమేనా?"

"ఆ వివరాలు మీ అబ్బాయినే అడగాలండీ."

"వాడు ఫోన్ ఎత్తడం లేదు. అందుకే మీకు చేశాను."

"మీ బాధ అర్థమైంది. కానీ మేం చెప్పలేం."

అవతల మాట్లాడుతున్న ఉద్యోగి మొండితనమేమీ కాదిది. ఆమె చేతిలో ఏమీ లేదు. చాలా కాలేజీల్లో విద్యార్థి తన పోర్టల్‌లోకి వెళ్లి, ఏయే వివరాలు ఎవరికి చెప్పవచ్చో కొద్ది నిమిషాల్లో నమోదు చేయవచ్చు. ఫీజు బిల్లు కూడా విద్యార్థి ఖాతాకే వస్తుంది. మనకు యాక్సెస్ ఇవ్వాల్సింది వాళ్లే. గడువు దాటితే లేట్ ఫీజు పడుతుంది, తర్వాతి సెమిస్టర్ రిజిస్ట్రేషన్ ఆగిపోవచ్చు. కాబట్టి ఈ పని వేసవిలోనే, పక్కపక్కన కూర్చుని, వాళ్ల చేత చేయించాలి. పాస్‌వర్డ్ తీసుకుని మనమే చేసేయడం కాదు. ఆ పని చేసే తల్లిదండ్రులు తక్కువేం లేరు, మనవాళ్లలో మరీను.

కాలేజీలు ఎప్పుడూ ఇలా లేవు. 1960ల దాకా కాలేజీయే తల్లిదండ్రుల స్థానంలో ఉన్నట్టు లెక్క. ఆడపిల్లల డార్మ్‌లకు రాత్రి ఇన్నింటికల్లా రావాలని కర్ఫ్యూలు ఉండేవి, ఎవరు ఎవరి గదికి వెళ్లాలన్నది కూడా కాలేజీయే నిర్ణయించేది. 1960లో అలబామా స్టేట్ కాలేజీకి చెందిన నల్లజాతి విద్యార్థులు మాంట్‌గోమరీలో జాతి వివక్షకు వ్యతిరేకంగా నిరసన తెలిపారు. కొందరిని కాలేజీ కనీసం విచారణ కూడా లేకుండా బహిష్కరించింది. మరుసటి ఏడాది, వాళ్లు వేసిన డిక్సన్ కేసులో ఫెడరల్ అప్పీల్ కోర్టు అది చెల్లదంది. ప్రభుత్వ కాలేజీ కాబట్టి, నోటీసు ఇచ్చి వాళ్ల వాదన వినాల్సిందేనంది. ఆ తీర్పుతో పాత పద్ధతికి బీటలు పడ్డాయి. 1971లో రాజ్యాంగానికి 26వ సవరణ వచ్చి ఓటు వయసు 18కి దిగింది. తర్వాత మూడేళ్లకు ఫెర్పా. పౌరహక్కుల కోసం కొట్లాడిన పిల్లలు దారి వేసిన మార్పు ఇది. "మా పిల్ల సంగతి మాకే చెప్పరా?" అని కోపం తెచ్చుకునే ముందు ఇది గుర్తుంటే కొంచెం మేలు.

తెలుగు తల్లిదండ్రులకు ఇది ఇంకాస్త కష్టంగా ఉంటుంది. మనలో చాలామంది ఇంటర్ హాస్టళ్లలో చదివాం. అక్కడ వార్డెన్ జవాబు చెప్పుకునేది మన నాన్నకి, మనకి కాదు. వారం వారం పరీక్ష మార్కులు ఇంటికి వెళ్లేవి. బిడ్డను హాస్టల్లో చేర్చడమంటే ఒక పెద్ద నుంచి ఇంకో పెద్దకు అప్పగించడమే. అమెరికన్ డార్మ్‌లో అలా అప్పగించుకునే పెద్ద ఎవరూ లేరు. ఫ్లోర్‌లో ఉండే ఆర్‌ఏ, అంటే రెసిడెంట్ అసిస్టెంట్, రెండు మూడేళ్లు పెద్దైన ఇంకో విద్యార్థి. "మా అమ్మాయిని కాస్త చూసుకో బాబూ" అని అతని చేతులు పట్టుకుంటే నవ్వుతూ తలూపుతాడు గానీ, అతను వార్డెన్ కాడు.

వైద్యం సంగతి దీనికన్నా ముఖ్యం. చాలా రాష్ట్రాల్లో 18 ఏళ్లు నిండగానే పిల్లల వైద్య వివరాల మీద మన అధికారం పోతుంది (అలబామా, నెబ్రాస్కాల్లో మేజర్ వయసు 19, మిసిసిపీలో 21). వైద్య వివరాల గోప్యతను కాపాడే 1996 నాటి హిపా చట్టం ప్రకారం వాళ్ల వివరాలు వాళ్లవే. ప్రమాదం జరిగి పిల్ల స్పృహలో లేకపోతే డాక్టర్లు తమ విచక్షణతో మనకు చెప్పొచ్చు. కానీ నిర్ణయం ఎవరు తీసుకోవాలన్న ప్రశ్న వస్తే కాగితం ఉండటం ఎంతో నయం. వివరాలు పంచుకోవడానికి ఒక ఆథరైజేషన్, నిర్ణయాలు తీసుకోవడానికి హెల్త్ కేర్ ప్రాక్సీ లేదా మెడికల్ పవర్ ఆఫ్ అటార్నీ. పేర్లు, సాక్షుల నియమాలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. కాలేజీ వేరే రాష్ట్రంలో ఉంటే అక్కడి ఫారాలు కూడా నింపి పెట్టుకోవడం మంచిది. సంతకం పిల్లలదే కాబట్టి వాళ్లకు ఇష్టమైతేనే జరిగే పని ఇది. అందుకే అడిగే తీరు మీద చాలా ఉంటుంది. "నీకేమైనా అయితే మాకు ఫోన్ రావాలి కదమ్మా" అన్నదానికీ, "నీ రిపోర్టులన్నీ మాకు తెలియాలి" అన్నదానికీ ఎంత తేడా ఉందో పద్దెనిమిదేళ్ల పిల్లలకు వెంటనే తెలిసిపోతుంది.

ఇన్సూరెన్స్ దగ్గర ఒక వింత ఉంది. 2010 ఆరోగ్య చట్టం వల్ల పిల్లలు 26 ఏళ్లు వచ్చేదాకా మన పాలసీలో ఉండొచ్చు. పాలసీ మన పేరు మీద ఉంది కాబట్టి, ఏ క్లినిక్‌కు ఎప్పుడు వెళ్లారో చెప్పే కాగితం సాధారణంగా మన చిరునామాకే వస్తుంది. డాక్టరు చెప్పనిది బిల్లు చెప్పేస్తుందన్నమాట. ఇది పిల్లలకు ముందే చెప్పడం న్యాయం. ఇంకో సంగతి, చాలా కాలేజీలు తమ స్టూడెంట్ హెల్త్ ప్లాన్ ఖర్చును బిల్లులో వాటంతట అవే కలిపేస్తాయి. మనకు వేరే పాలసీ ఉందని గడువులోపు వేవర్ (ఆ ప్లాన్ వద్దనే దరఖాస్తు) పెట్టకపోతే వేల డాలర్లు పోతాయి. మన పాలసీ హెచ్‌ఎంఓ (తన నెట్‌వర్క్‌లోని డాక్టర్లకే డబ్బు కట్టే రకం) అయి, కాలేజీ ఇంకో రాష్ట్రంలో ఉంటే, ఎమర్జెన్సీ తప్ప మిగతావేవీ అక్కడ కవర్ కాకపోవచ్చు. వేవర్ పెట్టే ముందే ఇది చూసుకోవాలి.

వీటన్నిటికన్నా తక్కువగా మాట్లాడుకునేది ప్రత్యేక అవసరాలున్న పిల్లల గురించి. ఏడీహెచ్‌డీ, డిస్‌లెక్సియా, ఆటిజం లాంటివి ఉన్న పిల్లలకు స్కూల్లో చాలాసార్లు ఐఈపీ, అంటే ఆ బిడ్డ కోసమే రాసే చదువు ప్రణాళిక, ఉంటుంది. వాళ్లను గుర్తించడం, ప్లాన్ రాయడం, మీటింగ్‌కు మనల్ని పిలవడం స్కూల్ బాధ్యత. హైస్కూల్ డిప్లొమాతో అది ముగిసిపోతుంది. కాలేజీలో ఎవరూ వెతుక్కుంటూ రారు. విద్యార్థి తనంతట తాను డిజబిలిటీ ఆఫీసుకు వెళ్లి, కాగితాలు చూపించి, పరీక్షలో అదనపు సమయం కావాలని అడగాలి. ఆ ఆఫీసు ఇచ్చే లేఖను చాలాచోట్ల తనే ప్రొఫెసర్లకు అందించాలి. పన్నెండేళ్ల పాటు అమ్మే మాట్లాడిన పిల్లవాడికి ఇది మామూలు పని కాదు. "కాలేజీలో కొత్తగా మొదలెడదాం, ఇదంతా ఎందుకు" అని దాచేసే కుటుంబాలూ ఉన్నాయి, ముఖ్యంగా నలుగురూ ఏమనుకుంటారోనన్న భయం ఉన్నచోట. మొదటి మిడ్‌టర్మ్ పోయాక అడిగితే అప్పటినుంచే వర్తిస్తుంది, పోయిన పరీక్ష మళ్లీ పెట్టరు.

కాబట్టి మూవ్-ఇన్‌కు ముందున్న ఆ రెండు నెలల్లో చేయించాల్సిన సాధన ఏమిటంటే, ఫోన్ చేయించడం. వినడానికి చాలా చిన్న విషయం. ఒక్కసారి డెంటిస్టు అపాయింట్‌మెంట్ వాళ్లనే తీసుకోమనండి. మెసేజ్‌లు తప్ప ఫోన్ కాల్స్ అలవాటు లేని పిల్ల నంబరు నొక్కే ముందు రెండుసార్లు గొంతు సవరించుకుంటుంది. రిసెప్షనిస్టు మెంబర్ ఐడీ అడిగితే కార్డు అటూ ఇటూ తిప్పి, మొదట కనబడిన గ్రూప్ నంబర్ చదివేస్తుంది. కాదనగానే మన వైపు చూస్తుంది. చెయ్యి చాచి ఫోన్ లాక్కోవాలనిపించే ఆ క్షణంలో నోరు మూసుకుని కూర్చోవడమే తల్లిదండ్రుల సాధన. ఆ కాల్ అయిదు నిమిషాల్లో ముగుస్తుంది. ప్రిస్క్రిప్షన్ రీఫిల్ చేయించుకోవడం, బిల్లులో తప్పు ఉంటే అడగడం కూడా ఇలాగే రావాలి. బట్టలు ఉతకడం నేర్పించారా అని అందరూ అడుగుతారు. అది వీడియో చూసి ఎవరైనా నేర్చుకుంటారు.

మద్యం గురించి మాట్లాడటానికి మనవాళ్లు ఇబ్బంది పడతారు. చట్ట ప్రకారం 21 దాకా తాగకూడదు, మా పిల్లలు అలాంటివాళ్లు కాదు అని వదిలేస్తారు. మద్యం సమస్యల మీద పనిచేసే ప్రభుత్వ పరిశోధన సంస్థ ఎన్‌ఐఏఏఏ మొదటి సంవత్సరంలోని తొలి ఆరు వారాలను ప్రమాదం ఎక్కువున్న కాలంగా చెబుతుంది. ఒక మాట మాత్రం తప్పక చెప్పి పంపాలి. ఎవరైనా తాగి స్పృహ తప్పితే, శిక్ష పడుతుందేమోనని ఆలోచించకుండా 911కి ఫోన్ చేయాలి. సాయం కోసం పిలిచినవాళ్లకు మినహాయింపునిచ్చే నియమాలు చాలా రాష్ట్రాల్లో, కాలేజీల్లో ఉన్నాయి. మనసు బాగోలేకపోతే ఫోన్ చేయడానికి 2022 జులై నుంచి 988 ఉంది.

లొకేషన్ యాప్‌ల విషయంలో నా మాట చాలామందికి నచ్చకపోవచ్చు. పిల్లలు ఒప్పుకుంటే పెట్టుకోండి, అభ్యంతరం లేదు. కానీ రాత్రి రెండింటికి మ్యాప్‌లో చుక్క లైబ్రరీ దగ్గర ఉందంటే వాడు చదువుతున్నాడో, ఏడుస్తున్నాడో తెలియదు. తెలిసేది మన నిద్ర పోయిందన్నదే. అంతకన్నా ఉపయోగపడేది ఇంకొకటి ఉంది. 2008 చట్టం ప్రకారం, క్యాంపస్‌లో ఉండే విద్యార్థి తను కనబడకుండా పోతే ఎవరికి తెలియజేయాలో ఒక పేరును కాలేజీకి గోప్యంగా ఇవ్వొచ్చు. ఆ పేరు ఇచ్చారో లేదో అడగండి.

ఇక ఆ రోజు సంగతి. కాలేజీ ఇచ్చిన టైమ్ స్లాట్‌కే వెళ్లాలి, సామాను దించగానే కారు తీసేయాలి, ఎండ మండిపోతూ ఉంటుంది, లిఫ్ట్ దగ్గర క్యూ ఉంటుంది. ఆ ఇరుకు గదిలో మంచం ఏ గోడకు వేయాలన్న దాని మీద అమ్మకీ నాన్నకీ మాటా మాటా పెరగడం చాలా కుటుంబాల్లో జరిగేదే. మంచం ఎటు వేయాలో రూమ్మేట్లిద్దరూ తేల్చుకోవాలి. మనం దుప్పటి పరిచి వచ్చేయొచ్చు. బయల్దేరడానికి మనసొప్పని తల్లిదండ్రులను కాలేజీలు చాలాకాలంగా చూస్తున్నాయి. అట్లాంటాలోని మోర్‌హౌస్, స్పెల్‌మన్ కాలేజీల్లో దీనికోసం పార్టింగ్ సెర్మనీ (వీడ్కోలు) అని ఏకంగా ఒక కార్యక్రమమే ఉంది, అది అవగానే తల్లిదండ్రులు వెళ్లిపోవాలి. కఠినంగా అనిపిస్తుంది గానీ, టైమ్ ఇంకొకరు నిర్ణయిస్తే ఇరువైపులా సులువు. అలాంటిది లేనిచోట మనమే ముందుగా ఒక టైమ్ అనుకుని వెళ్లాలి.

మొదటి రెండు మూడు వారాల్లో "ఇక్కడ ఎవరూ నచ్చలేదు, వచ్చేస్తాను" అని ఫోన్ రావచ్చు. చాలాసార్లు అలా మాట్లాడాక పిల్లలు తేలికపడి డైనింగ్ హాల్‌కు వెళ్లిపోతారు, మనం మాత్రం రాత్రంతా టెన్షన్ పడతాం. కారు తీయకుండా "ఆర్‌ఏతో మాట్లాడావా? కౌన్సెలింగ్ సెంటర్‌కు వెళ్లావా?" అని అడగడం మొదటి మెట్టు. కానీ తిండి మానేసింది, క్లాసులకు పోవడం లేదు, మాట తీరే మారిపోయింది అని మనకు గట్టిగా అనిపిస్తే ఊరుకోకూడదు. విద్యార్థుల బాగోగులు చూసే డీన్ ఆఫ్ స్టూడెంట్స్ ఆఫీసుకు ఫోన్ చేసి మనకు తెలిసింది చెప్పాలి. ఫెర్పా కాలేజీని మనకు చెప్పకుండా ఆపుతుంది గానీ, మనం చెప్పేది వినకుండా ఆపదు. మీరు ఫోన్ చేశాక వాళ్లు ఎవరినైనా గదికి పంపి చూడమని చెప్పొచ్చు. ఏం తేలిందో మీకు చెప్పకపోయినా ఆ పని జరుగుతుంది. ఆ ఆఫీసు నంబరు, రాత్రిపూట పలికే క్యాంపస్ పోలీసు నంబరు ఆగస్టులోనే ఫోన్‌లో సేవ్ చేసుకోండి.