కాల్ నంబరు పట్టుకుని హంతకుణ్ణి పట్టేశారట!

1963 నవంబరులో డల్లాస్‌లో జరిగిన అమెరికా అధ్యక్షుడు కెనడీ హత్య మీద ఆ వాట్సాప్ మెసేజ్ మళ్ళీ గ్రూపుల్లో తిరుగుతోంది. డల్లాస్ పోలీసుల వైర్‌లెస్ ట్రాన్స్‌క్రిప్ట్ చదివితే చాలట, ఏ పోలీసు ఎప్పుడు ఎక్కడున్నాడో సెకన్లతో సహా, ఎవడు కుట్రలో ఉన్నాడో తేలిపోతుందట. నిందితుడు ఆస్వాల్డ్ అద్దెకున్న గది ముందు 107 నంబరు కారు హారన్ కొట్టింది. కెనడీ తర్వాత కాసేపటికే హతుడైన పోలీసు టిప్పిట్‌ను ముందే డల్లాస్‌లోని ఓక్ క్లిఫ్ ప్రాంతానికి పంపారు. 550/2 అనే కాల్ నంబరున్న సార్జెంటు తుపాకీ గుట్టు విప్పేశాడు. ఒక మోటార్‌సైకిల్ పోలీసు మైకు బటన్ నొక్కిపట్టి, ఇంకెవరూ మాట్లాడకుండా ఛానల్ మూసేశాడు. ఇంతే మెసేజ్. కింద "అందరికీ పంపండి" అని ఒక ఆజ్ఞ.

హారన్ సంగతి రెండు ముక్కల్లో తేలుతుంది. 107 అన్నది కారు మీద రాసిన నంబరు, వైర్‌లెస్‌లో పలికే కాల్ నంబరు కాదు. టిప్పిట్‌నే చూడండి: బ్యాడ్జి 848, కారు 10, కాల్ నంబరు 78. మనిషి ఒక్కడే, నంబర్లు మూడు. 107 నంబరు కారును 1963 ఏప్రిల్‌లోనే పాత కార్ల వ్యాపారికి అమ్మేశారు. హారన్ మాట చెప్పిన, ఆ అద్దె ఇంటి పనిచూసే ఆవిడే తర్వాత నంబరు మార్చి చెప్పింది. పోనిద్దాం.

550/2 దగ్గర కాస్త ఆగాలి. టిప్పిట్ పడిపోయిన చోట దొరికిన ఖాళీ తూటా గొట్టాలను బట్టి నిందితుడి దగ్గరున్నది ఆటోమేటిక్ అని ఆ గొంతు 1:40 ప్రాంతంలో చెప్పింది. ఆస్వాల్డ్ దగ్గర పట్టుకున్నది రివాల్వర్. అందుకని తుపాకీ మార్చేశారట. రివాల్వర్ ఖాళీ గొట్టాలను తనంతట తాను విసరదు, చేత్తో దులపాలి. నేల మీద గొట్టాలు కనిపిస్తే ఆటోమేటిక్ అనుకోవడం పోలీసులకు అలవాటైన ఊహే. పైగా హంతకుడు గొట్టాలు దులుపుకుంటూ పోవడం చూసిన సాక్షులున్నారు. ఇక ఆ గొంతు ఎవరిది? మెసేజ్ చెప్పే ఆ సార్జెంటు, హిల్‌ను ప్రమాణం చేయించి ఇదే అడిగితే, అది బహుశా అదే నంబరు వాడుతున్న మరో అధికారి అయి ఉంటుందన్నాడు. ఒకే రోజు, ఒకే నంబరు, ఇద్దరు మనుషులు! కాల్ నంబరు డ్యూటీకి ఇస్తారు, మనిషికి కాదు.

ఇంకా చూడండి. మోటార్‌కేడ్‌లో, అంటే అధ్యక్షుడి కార్ల వరసలో, ముందు కారు పోలీసు చీఫ్ కర్రీది, ఆయన నంబరు 1. వెనక సీట్లో షెరిఫ్ డెకర్ కూర్చున్నాడు. కాల్పుల తర్వాత అదే వైర్‌లెస్ సెట్‌లో డెకర్ తన మనుషులకు ఆదేశాలిచ్చాడు. టిప్పిట్ కారు సెట్ నుంచి 1:16 ప్రాంతంలో కాల్పుల కబురు చెప్పినవాడు అసలు పోలీసే కాదు, దారిన పోతూ ఆగిన పౌరుడు. సెట్‌ను బట్టి మనిషి పేరు రాసుకుంటూ పోతే ఆ కబురు చెప్పింది చనిపోయిన టిప్పిట్టే అవుతాడు.

టిప్పిట్ ఆదేశానికి వస్తే, ఇక్కడ అనుమానించేవాళ్ళకు ఒక మార్కు వేయాల్సిందే. 1963 డిసెంబరులో పోలీసులు తయారుచేసిన ప్రతిలో 12:45 నాటి ఆ ఆదేశం లేదు. 1964లో వచ్చిన ప్రతుల్లో కనిపిస్తుంది. చదివినవాడికి ఒళ్ళు మండిందంటే తప్పు పట్టలేం. కానీ ఆ పిలుపు 78 ఒక్కడికే కాదు, 87కి కూడా. ఇద్దర్నీ సెంట్రల్ ఓక్ క్లిఫ్‌కు రమ్మన్నారు. 87 నంబరు అధికారి నెల్సన్ మాత్రం కెనడీ మీద కాల్పులు జరిగిన డీలీ ప్లాజా వైపు పోయాడు. కుట్రలో సగం మంది దారి తప్పారన్నమాట!

అసలు విషం మైకు ముక్కలో ఉంది, ఎందుకంటే అది పేరున్న ఒక మనిషిని హంతకుల జాబితాలో చేరుస్తోంది. మోటార్‌కేడ్ మాటలన్నీ నడిచింది రెండో ఛానల్‌లో. మైకు ఇరుక్కుని అయిదు నిమిషాలకు పైగా మోగింది ఒకటో ఛానల్‌లో. ఆసుపత్రికి పొమ్మన్న కర్రీ ఆదేశం రెండో ఛానల్‌లో నిక్షేపంగా వెళ్ళింది. భద్రత నడిచే ఛానల్‌ను వదిలేసి మామూలు డ్యూటీ ఛానల్‌ను మూసి ఎవరేం సాధిస్తారు?

మరి ఆ మైకు మోటార్‌సైకిల్ పోలీసు మెక్లేన్‌దని ఎవరు చెప్పారు? గొంతు విని ఎవరూ చెప్పలేదు. బటన్ ఇరుక్కున్న సెట్ నంబరు పలకదు, అప్పటి సెట్లకు తనంతట తాను గుర్తు పంపే ఏర్పాటూ లేదు. 1978లో అమెరికా కాంగ్రెస్ కమిటీ నిపుణులు డీలీ ప్లాజాలో 36 చోట్ల మైకులు పెట్టి తుపాకులు పేల్చారు. ఆ ప్రతిధ్వనులను ఒకటో ఛానల్ రికార్డులో తుపాకీ చప్పుళ్ళేమో అనుకున్న టకటకలతో పోల్చి, మైకు ఎక్కడుంటే లెక్క సరిపోతుందో తేల్చారు. ఆ తర్వాతే ఆ చోటికి దగ్గర్లో ఎవరున్నారో వెతికితే మెక్లేన్ దొరికాడు. అంటే అవి తుపాకీ చప్పుళ్ళని ముందే ఒప్పుకుంటేనే ఆ మనిషి వస్తాడు. రికార్డు విన్నాక మెక్లేన్ అది తనది కాదన్నాడు. కాల్పులయ్యాక తాను సైరన్ వేసుకుని ఆసుపత్రికి దూసుకెళ్ళాననీ, రికార్డులో ఆ సమయానికి సైరన్ లేదనీ ఆయన వాదన.

1982లో నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ కమిటీ ఈ లెక్కకు గండి కొట్టింది. పైన చెప్పిన డెకర్ ఆదేశంలోని ఒక ముక్క, దర్యాప్తు అధికారులు వచ్చేదాకా అంతా భద్రంగా ఉంచమన్న మాట, రెండో ఛానల్ నుంచి ఒకటో ఛానల్‌లోకి సన్నగా చొరబడింది. అది సరిగ్గా ఆ టకటకల దగ్గరే వినిపిస్తోంది. డెకర్ ఆ మాట అన్నది కాల్పులయ్యాక సుమారు నిమిషానికి, కాబట్టి ఆ టకటకలు కాల్పులవి కావని కమిటీ తేల్చింది. తర్వాత ఎదురు వాదనలు రాకపోలేదు, కానీ మెక్లేన్ పేరు నిలబడ్డ పునాది ఆ టకటకలే.

"సెకన్లతో సహా" అన్న గొప్ప కూడా ఉంది. ఒకటో ఛానల్‌ను ప్లాస్టిక్ బెల్టు మీద, రెండోదాన్ని డిస్కు మీద గీసేవారు. చప్పుడు లేకపోతే యంత్రం ఆగిపోతుంది. తిరిగి వినిపించేటప్పుడు ముల్లు గాడి దాటితే మాట పోతుంది, వెనక్కి పడితే అదే మాట రెండోసారి వస్తుంది. టైము చెప్పేది కంట్రోల్ రూంలో పిలుపులు నడిపే డిస్పాచర్, తన ఎదురుగా ఉన్న గడియారం చూసి. నిమిషం అటూ ఇటూ.

ఇంకోసారి పంపేముందు అది ఏ ప్రతో, ఏ ఛానలో రాయండి. ఆ షిఫ్టు డ్యూటీ చార్టులో ఆ నంబరు ఎవరికిచ్చారో, సెట్ దగ్గర ఇంకెవరున్నారో, ఆ మనిషి వాంగ్మూలంలో ఏమన్నాడో కలపండి. "పక్కన పేరు రాసి ఉందిగా" అంటారేమో. ఆ పేరు వైర్‌లెస్‌లో ఎవరూ పలకలేదు, టైపు కొట్టినవాడు చేర్చాడు.