407 మూతికి బెంజి నక్షత్రం

ఇప్పుడే ఇంటికొచ్చా. చొక్కా కూడా మార్చలేదు. ఇది రాస్తేగానీ నిద్ర పట్టదు.

మా బెజవాడ బెంజి సర్కిల్ దగ్గర కొత్తగా ఒక హోటల్ పెట్టారు. పేరు చెప్పను, ఉచిత ప్రచారం నేనెందుకు చెయ్యాలి? లోపలంతా 'పాత రోజులు' అట. గోడలకి లాంతర్లు, మూల రుబ్బురోలు, మంచినీళ్ళు ఇత్తడి చెంబులో. ఆ కుర్రాడు ప్లాస్టిక్ సీసా మూత తిప్పి మన కళ్ళముందే చెంబులో పోస్తున్నాడు, అది వేరే సంగతి. మెనూలో 'లారీ డ్రైవర్ భోజనం' 349 రూపాయలు. మా నాన్న 30 ఏళ్ళు లారీ తోలాడు. ఆ రేటు చూసుంటే "ఇందులో నా బత్తా కూడా కలిపారా?" అని అడిగేవాడు.

అదీ భరించా. చెయ్యి కడుక్కోవడానికి వెళ్తుంటే గోడలోంచి ఒక లారీ మూతి పొడుచుకొచ్చి కనపడింది. నిజం లారీయే, కోసి తెచ్చి బిగించారు. హెడ్‌లైట్లు వెలుగుతున్నాయి, బంపర్‌కి నిమ్మకాయలు, పైన 'సెల్ఫీ పాయింట్' అని బోర్డు. ఆ మూతి టాటా 407ది. దాని మధ్యలో తళతళా మెరుస్తూ బెంజి నక్షత్రం!

ఇందులో తప్పేంటని అడిగేవాళ్ళు దయచేసి నన్ను అన్‌ఫాలో అవ్వండి. టాటా వాళ్ళు బెంజి కంపెనీతో కలిసింది 1954లో. ఆ ఒప్పందం 1969లో అయిపోయింది, లారీ మొహం మీద నక్షత్రం పోయి టాటా వాళ్ళ 'టి' గుర్తు వచ్చింది. 407 పుట్టిందే 1986లో. అంటే ఎప్పుడో పోయిన ముత్తాత మీసం తెచ్చి మునిమనవడికి అతికించారు. అదీ ఎక్కడ? బెంజి సర్కిల్లో! మా నాన్న తరానికి బెంజి అంటే కారు కాదయ్యా, లారీ. ఆ సెంటర్‌కి పేరు వచ్చింది కూడా ఆ లారీల వల్లేనని ఆయన చెప్పేవాడు.

మేనేజర్ని పిలిచి మర్యాదగానే చెప్పా. "ఎవరు గమనిస్తారు సార్, ఫొటోలో రిచ్‌గా ఉంటుందని పెట్టాం" అన్నాడు. ఊరుకోవచ్చుగా, "మీది ఆటోనగరా సార్?" అని ఒక నవ్వు నవ్వాడు.

అవును నాయనా, ఆటోనగరే. అప్పట్లో లారీ అంటే షోరూంలోంచి రిబ్బన్ కట్టుకుని వచ్చేది కాదు. ఇంజనూ, చాసిస్సూ, నాలుగు మూలలా చక్రాలూ, అంతే వచ్చేది. పైన కప్పు లేదు, పక్కన తలుపు లేదు. డ్రైవర్ ఒక చెక్కపెట్టె మీద కూర్చుని, మొహానికి తువ్వాలు చుట్టుకుని, ఎండలో వానలో జంషెడ్‌పూర్ నుంచి బెజవాడ దాకా తోలుకొచ్చేవాడు. ఇక్కడ వడ్రంగులు క్యాబిన్ కట్టి, బాడీ కట్టి, పెయింటర్ వెనక చెక్క మీద తామరపువ్వు వేస్తే అప్పుడది లారీ. ఆ మనుషులు కట్టిన ఊళ్ళో కూర్చుని, ఆటోనగరా అని నవ్వుతాడు.

అలాగని "ఆ రోజులే వేరు బ్రో" అని ఏడ్చే బ్యాచ్ కాదు నేను. వాళ్ళంటే ఇంకా మంట. ఏం వేరు? గుంటూరులో మిర్చి బస్తాలు ఎత్తుకుని కలకత్తా పోతే మా నాన్న ఎప్పుడొస్తాడో ఆయనకే తెలీదు. ఇచ్ఛాపురం చెక్‌పోస్టు దగ్గర వరసలో రాత్రంతా పడిగాపులు. కిరాణా కొట్టుకి ట్రంకాల్ వస్తే మా అమ్మ తడిచేతులతోనే పరిగెత్తేది. పవర్ స్టీరింగ్ లేని ఆ చక్రం తిప్పీ తిప్పీ ఆయన భుజం చివరికి చొక్కా తొడుక్కోవడానికి కూడా లేచేది కాదు. ఇది పెట్టండి మీ సెల్ఫీ పాయింట్లో.

కానీ ఒక్కటుంది. మా బండికి బ్యాటరీ ఎప్పుడూ వీకే. అందుకని నాన్న దాన్ని ఎప్పుడూ ఏలూరు కాలవ గట్టు వాలులోనే ఆపి, వెనక టైరు కింద చెక్క పెట్టించేవాడు. తెల్లారుజామున క్లీనర్ చెక్క లాగేసి తలుపు మీద రెండు దెబ్బలు కొట్టేవాడు. బండి చప్పుడు లేకుండా జారేది. నేను నాన్న పక్కన ఊపిరి బిగబట్టుకుని కూర్చునేవాణ్ణి. సెకండ్ గేరులో క్లచ్ వదిలితే ఒళ్ళంతా ఒక్క కుదుపు, ఒక దగ్గు, ఇంకో దగ్గు, అప్పుడు అంటుకునేది. గట్టు మీద ఆరేసిన బట్టలన్నిటికీ నల్లపొగ. చాకలి మామ్మ తిట్లు మా బండి కంటే స్పీడుగా వచ్చేవి.

మాది 1967 మోడలు, అసలు నక్షత్రం ఉన్న బండి. 1988లో ఇక లాభం లేదని తుక్కు కింద ఇచ్చేశాడు. గ్యాసు కట్టర్ పెట్టకముందు నాన్న తనే స్పానరు తీసుకుని ఆ నక్షత్రం ఊడదీసి లుంగీ కొంగులో కట్టుకొచ్చాడు. ఎప్పుడో గేదెను తప్పించబోయి చెట్టుకి గుద్దితే దాని ఒక కొమ్ము కొంచెం వంగింది. ఆ వంకరతోనే మేకుకి తగిలించాడు, కేలండర్ పక్కన.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. 2009లో మేం ఊళ్ళో లేనప్పుడు ఇంటికి సున్నాలు వేయించే పని మా బావ నెత్తినేసుకున్నాడు. తిరిగొచ్చేసరికి మేకుంది, నక్షత్రం లేదు. "ఏదో తుప్పు ముక్క, పాత ఇనప సామాన్ల వాడికి వేశాలే" అన్నాడు. దానికి, విరిగిన బకెట్ హ్యాండిల్‌కీ, అట్లకాడకీ కలిపి వచ్చింది రెండు కేజీల ఉల్లిపాయలు. మా అక్క ఆ ఉల్లిపాయలతోనే పులుసు పెట్టింది. నాన్న తిన్నాడు, ఒక్క మాట అనలేదు. నేనే ఆ పూట కంచం ముందు కూర్చోలేదు.

అందుకే ఇవాళ ఆ హోటల్లో, మేనేజర్ చూస్తుండగానే, కుర్చీ ఎక్కి ఆ నక్షత్రాన్ని చేత్తో తడిమా. మూడు కొమ్ములూ తిన్నగా ఉన్నాయి. మాది కాదు.

బావా, ఇది చదువుతున్నావని తెలుసు. లైక్ మాత్రం కొట్టకు.