గైర్హాజరైన గిన్నెకు సంజాయిషీ నోటీసు

మారతహళ్ళి,
బెంగళూరు.

అడుగున మా అమ్మ పేరు, అంచున ఒక సొట్ట ఉన్న స్టీలు గిన్నెకు,

విషయం: ఏడేళ్ళుగా విధులకు రాకపోవడం, వచ్చిన ఒక్క రోజూ ఇంటి పరువు తీయడం గురించి.

నీ సర్వీసు రికార్డు తిరగేశాను. 1991లో చేరావు. నీ మీద పెట్టిన ఖర్చు మా నాయనవి రెండు పాత ప్యాంట్లు, అంచు చిరిగిన చీర ఒకటి. మదనపల్లెలో మా వీధికి నెత్తిన గంపతో ‘పాత బట్టలకు స్టీలు సామాన్లూ’ అని అరుచుకుంటూ ఒకామె వచ్చేది. అమ్మ ఆమెతో ముప్పావుగంట బేరమాడింది. అడిగింది నీ పక్కనున్న పెద్ద గిన్నె. ప్రాణం పోయినా ఇవ్వనందామె. అలా నువ్వు దొరికావు. నువ్వు రెండో ఎంపిక అన్న సంగతి ఇన్నాళ్ళూ నీ దగ్గర దాచాం, ఇక దాచలేను. తర్వాత అమ్మ నిన్ను పాత్రల అంగడికి తీసుకెళ్ళి, జుయ్యిమని కూసే మిషనుతో అడుగున తన పేరు చెక్కించింది, కింద సంవత్సరం కూడా. నాకు బర్త్ సర్టిఫికెట్ తీసింది మాత్రం పదో తరగతికి వచ్చాక.

దొంగలు ఎత్తుకుపోకుండా పేరు చెక్కిస్తారని చిన్నప్పుడు అనుకునేదాన్ని. దొంగ చదువుకుంటూ కూర్చుంటాడా? ఇంట్లో పడి ఉండే వస్తువుకు పేరెందుకు, తిరుగుబోతులకే చిరునామా కావాలి. నువ్వు ఆ బాపతు. ఉగాదికి ఓళిగలతో ఎదురింటికి పోతే వచ్చేటప్పుడు మునగాకు తెచ్చేదానివి. రంజాన్ రోజు పక్కింటి ఖాలా నీలో షీర్ ఖుర్మా పోసి పంపేది. అంటే పోయినేడాది నువ్వు అక్కడే ఉండిపోయావన్న సంగతి మాకు ఆ రోజు తెలిసేది. ఏమీ లేని ఇంటివాళ్ళు నాలుగు పచ్చిమిరపకాయలో, చిటికెడు చక్కెరో వేసేవాళ్ళు. ఉత్త గిన్నె మాత్రం గడప దాటేది కాదు.

మా ఊరి పేరెత్తగానే అందరూ ఠాగూర్ సంగతి చెబుతారు. 1919లో బీసెంట్ థియోసాఫికల్ కాలేజీలో బస చేసి, జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది అక్కడే. ఆ కాలేజీ ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్ దానికి స్వరాలు రాసి పెట్టింది కూడా అప్పుడే. పెద్ద పెద్ద వ్యాసాలు రాశారు దీని మీద. మా అమ్మకు ఇందులో పెద్ద విశేషం కనబడదు. ‘అన్నం పెట్టిన ఇంటికి ఉత్త గిన్నె ఎట్లా ఇస్తాడు మల్ల?’ అంటుంది.

టమోటాల కాలంలో నువ్వు పడ్డ చాకిరీ కూడా రికార్డులో ఉంది. మా ఊరి టమోటా మార్కెట్ ఆసియాలోనే పెద్దవాటిలో ఒకటని చెప్పుకుంటాం. ధర పడిపోతే రైతు రోడ్డు పక్కన పారబోసి కన్నీళ్ళు పెట్టుకుని పోతాడు. ఆ వారం వీధి వీధంతా ఊరుబిండి పచ్చడే. అందరింట్లోనూ అదే ఉన్నా ఒకరికొకరు పంపుకునేవాళ్ళు, ఎవరిది బాగుందో తేల్చుకోవాలి కదా. 2023 జూలైలో కిలో వంద దాటి పరుగెత్తినప్పుడు మాత్రం, ఎదురింటి అత్త టమోటా పప్పు పంపిందని అమ్మ ఫోన్ చేసి మరీ చెప్పింది. ఆస్తిలో భాగం రాసిచ్చినంత గొంతు.

ఇక పెరుగు. సాయంత్రం తోడుకు ఎవరో ఒకరు చిన్న గిన్నె పట్టుకుని రావాల్సిందే. అలా వెనక్కి లెక్కేసుకుంటూ పోతే మా వీధిలో ఏడిళ్ళ పెరుగుకూ ఒకటే వంశం. దీపాలు పెట్టాక మాత్రం పెరుగు, ఉప్పు ఇవ్వరు, లక్ష్మి వెళ్ళిపోతుందని. పదినిమిషాల్లో ఇంటికి పెరుగు ప్యాకెట్ తెచ్చే ఈ ఊళ్ళో లక్ష్మి ఏ వేళకు ఎటు పోతోందో నాకు అర్థం కాదు.

నిన్ను మరీ మంచిదానివని పొగడటానికి ఈ ఉత్తరం రాయడం లేదు. నువ్వు పెద్ద చాడీకోరువి. మా ఇంట్లో ఏం ఉడికిందో, ఎందుకు ఉడకలేదో, నా లెక్కల మార్కులెన్నో నీతోపాటే వీధి దాటేవి. ఎదురింటి అత్త నిన్ను తిరిగిస్తూ గుమ్మంలోనే తీర్పు చెప్పేది: ‘ఉప్పు తక్కువైంది వదినా.’ అమ్మ నవ్వి, తలుపేశాక పళ్ళు నూరేది. ఇంకో మాట కూడా ఉంది. నువ్వు అన్ని గడపలూ ఎక్కలేదు. మా ఇంట్లో పని చేసిన ఆమెకు అన్నం పెట్టింది నీలో కాదు. ఆమెకు వేరే గిన్నె, పెరటి గోడ మీద బోర్లించి ఉండేది. దాని మీద ఎవరి పేరూ లేదు. అదేమని నేనెప్పుడూ అడగలేదు. ఇక్కడ మా అపార్ట్‌మెంటులో పనివాళ్ళకు లిఫ్టు వేరే ఉంది. అదీ అడగలేదు.

సరే, అసలు ఆరోపణకు వస్తాను.

గృహప్రవేశం రోజు అమ్మ నిన్ను నా చేతిలో పెట్టి, ‘ఇది ఉంటే నీకు జనం దొరుకుతారు’ అంది. ఏడేళ్ళయింది. నువ్వేం చేశావు? గ్యాస్ పొయ్యి పైన అరలో కూర్చున్నావు. నీ కడుపు నిండా పార్శిళ్ళతో వచ్చిన సాస్ ప్యాకెట్లు, రబ్బరు బ్యాండ్లు, ఏ తాళానివో తెలియని రెండు తాళంచెవులు. నీ పని నల్ల అడుగు, తెల్ల మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలు లాగేసుకున్నాయి. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, స్పూన్లు, స్ట్రాలు దేశమంతా నిషేధించారు కానీ వీటి జోలికి పోలేదు. సింకు కింద ముప్పైనాలుగు ఉన్నాయి, నిన్ననే లెక్కపెట్టాను. వాటిని ఎవరికీ తిరిగివ్వక్కర్లేదు. అదే వాటి గొప్ప. నిన్ను తోమి ఇచ్చినా బాకీ తీరదు, అందులో ఏదన్నా వెయ్యాలి. వేస్తే అవతలివాళ్ళకు బాకీ. ముప్పై ఏళ్ళు మా అమ్మకూ ఎదురింటి అత్తకూ ఈ లెక్క తెగలేదు. తెగితే తలుపు తట్టడానికి సాకు ఉండదని ఇద్దరికీ తెలుసు.

పోయిన డిసెంబరులో అమ్మ చింతామణి, హోసకోట మీదుగా బస్సులో సంచెడు అనపకాయలు మోసుకొచ్చింది. రెండు రోజులు టీవీ ముందు కూర్చుని ఒలిచి, నానబెట్టి, ఒక్కో గింజా పితికింది. పితికిపప్పు అంటే తెలుసు కదా, వండటం అరగంట, పితకడం అరపూట. ఊళ్ళో అయితే అరుగు మీద నలుగురు కూర్చుంటారు, పని తెలియదు. ఇక్కడ నేను పక్కన కూర్చుని మీటింగులో ఉన్నాను. కూరయ్యాక సాస్ ప్యాకెట్లు బల్ల మీద కుమ్మరించి, నిన్ను తోమి, నింపి నా చేతికిచ్చింది.

‘ఎదురింట్లో ఇచ్చి రాపో.’

‘అమ్మా, వాళ్ళెవరో నాకు తెలీదు.’

‘ఎన్నేండ్లయింది నువ్వు ఈడికొచ్చి?’

నేను సమాధానం చెప్పకుండా చెప్పులేసుకున్నాను.

బెల్లు కొడితే తలుపుకున్న కెమెరాలోంచి మగ గొంతు వచ్చింది. ‘ఏ ఆర్డర్?’ ఎదురింటి నుంచి అన్నాను. ‘ఓకే, అక్కడ పెట్టేయండి. ఓటీపీ కావాలా?’ నిన్ను చెప్పుల స్టాండు మీద, రెండు జాగింగ్ బూట్ల మధ్య పెట్టి వచ్చేశాను. రాత్రికి మెసేజ్: ‘ఫుడ్ సూపర్ మేడమ్. రోజూ చేస్తారా, వీకెండ్ మాత్రమేనా?’ వెనకే నా ఫోన్లో 180 రూపాయలు పడ్డాయి. పొద్దున చూస్తే నువ్వు మా తలుపు గొళ్ళేనికి కవర్లో వేలాడుతున్నావు. శుభ్రంగా తోమి, తుడిచి, ఉత్తగా.

అమ్మ నిన్ను కాసేపు తిప్పి చూసింది. డబ్బుల సంగతి చెబితే, ‘దీన్ని గిన్నెలో ఏసి ఎట్లా తిరిగిచ్చేది?’ అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. వంటింట్లోంచి చిటికెడు చక్కెర తెచ్చి తనే నీలో వేసి, అప్పుడు లోపలికి తీసుకొచ్చింది.

ఎదురింటివాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఆ మర్నాడే అమ్మ లిఫ్టు దగ్గర ఆ అమ్మాయిని పట్టుకుని ఇరవై నిమిషాల్లో అన్నీ తేల్చింది. తెలుగువాళ్ళే, కందుకూరు వైపు. ‘అయ్యో ఆంటీ, హోమ్ ఫుడ్ అనుకున్నాం. మా ఊళ్ళో అయితే అసలు ఇట్లా...’ అందట. ఈ నాలుగంతస్తుల్లో ఎవరిని కదిపినా ‘మా ఊళ్ళో అయితే’ అంటారు. నేనూ అంటాను, అన్నప్పుడల్లా గొంతు కాస్త వణుకుతుంది కూడా. అందరి ఊళ్ళూ మంచివే. తెచ్చుకున్నవాళ్ళే లేరు.

సంక్రాంతికి అమ్మ లేదు. ఆ సాయంత్రం 104లో ఉండే కన్నడ అజ్జి మనవరాలు, కొత్త లంగా తొక్కుకుంటూ, చిన్న స్టీలు డబ్బా పట్టుకుని వచ్చింది. ఎళ్ళు బెల్ల. నువ్వులు, బెల్లం, ఎండుకొబ్బరి, వేరుశనగలు, పుట్నాలు, పైన పక్షి బొమ్మగా పోసిన చక్కెర అచ్చు. ‘ఎళ్ళు బెల్ల తిందు ఒళ్ళె మాతాడు’ అని అప్పజెప్పి పారిపోయింది. నువ్వులు బెల్లం తిని మంచిమాట ఆడమని. డబ్బా అడుగున కన్నడంలో పేరు చెక్కి ఉంది. మన అక్షరాలకు దగ్గరే కదా, కూడబలుక్కుని చదివాను.

పది నిమిషాల్లో ఏదన్నా స్వీటు తెప్పించి అందులో పోసి ఇచ్చేద్దామని ఫోన్ తీసిన మాట నిజం. తర్వాత ఫ్రీజర్లో అమ్మ దాచిపోయిన అనపపప్పు గుర్తొచ్చింది. నేనే వండి, నీలో పోసి, కిందికి నడిచి వెళ్ళాను. తలుపు తీసే ఉంది. అజ్జి మూత తీసి వాసన చూసి, ‘హితకబేళె!’ అంది. మన పాలు వాళ్ళకు హాలు, మన పులి హులి, పితికింది హితికింది. అజ్జి నిన్ను ఎత్తి అడుగు చూసి, పేరు మీద వేలు పెట్టి ‘అమ్మనదా?’ అని అడిగింది. నిలబెట్టే ఒక స్పూను నోట్లో వేసుకుంది.

‘ఉప్పు స్వల్ప కమ్మి.’

ఉప్పు కొంచెం తక్కువట. మెట్లెక్కి పైకొచ్చి తలుపేసుకుని, పళ్ళు నూరబోయి నవ్వేశాను. వెంటనే అమ్మకు ఫోన్ చేశాను. ‘నేను అప్పుడే చెప్పలా, నీకు చెయ్యి బిగువని’ అంది.

మూడు వారాలైంది. నువ్వు ఇంకా 104లోనే ఉన్నావు. నిన్న తలుపు సందులోంచి చూశాను, కొత్తిమీర కట్ట కింద కూర్చుని ఉన్నావు. ఈ నోటీసుకు సమాధానం అక్కర్లేదు, నిన్ను వెంటనే రమ్మని కూడా అనడం లేదు. ఆమె డబ్బా మా ఇంట్లో ఉంది.

ఇట్లు,
నీ రెండో యజమానురాలు

తా.క. ఆ డబ్బా మూత ఎక్కడో పడిపోయింది. నేను గట్టిగా వెతకడం లేదు.