పక్షి అంటే ఎగరాలి కదండీ!

శరదృతువు రాగానే నీటిపక్షులతో పాటు చెరువులకు ఇంకో జాతి కూడా వలస వస్తుంది. మీరూ చూసే ఉంటారు. మోచేయంత లెన్సు, ఆకుల డిజైను చొక్కా, ఆ చొక్కా జేబులో ఒక రాయి.

మొన్న గట్టు మీద స్కోపు (దూరపు పిట్టల్ని దగ్గరగా చూపే టెలిస్కోపు) పెట్టుకుని బాతులు లెక్కపెడుతున్నాను. ముందు పది లెక్కపెట్టి, ఆ పదీ ఎంత మేర ఉన్నాయో కంటికి కొలత కట్టుకుని, ఆ కొలతతో గుంపంతా కొలుచుకుంటూ పోవాలి. ఈలోగా రెక్కలో ముక్కు దూర్చి నిద్రపోయేది సూదితోక బాతా, ఇంకోటా తేల్చాలి. మెడ పట్టేసింది. 640 దాకా వచ్చాను.

"సార్, కొంచెం పక్కకి."

జరిగాను. ఆ లెన్సాయన చప్పట్లు కొట్టాడు. బాతులు పట్టించుకోలేదు. ఈల వేశాడు. ఒక్క బాతు మాత్రం కన్ను తెరిచి, మనిషిని అంచనా వేసి, మళ్లీ మూసుకుంది. అప్పుడు రాయి తీశాడు. (విసిరే ముందు షట్టర్ స్పీడు సరిచూసుకున్నాడు. పద్ధతి గల మనిషి.) చెరువు మొత్తం లేచింది. నా 640 గాల్లో కలిసింది. "ఏం ఫ్రేమండీ!" అంటూ నాకే చూపించాడు. మూడు తోకలు, ఒక మసక రెక్క.

ఈ విద్యను తక్కువగా చూడకూడదు. క్రమం తప్పకుండా 20,000 నీటిపక్షులకు తక్కువ కాకుండా ఆశ్రయమిచ్చే చిత్తడి నేలకు రామ్‌సార్ గుర్తింపు, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలన్న ముద్ర, దొరికే వీలుంది. ఈయన తోడుంటే ఏ గుంటకైనా తెప్పించవచ్చు. ఒకే బాతును పదిసార్లు లేపి, పదిచోట్ల వాలనిచ్చి, పదిసార్లు రాసుకుంటే సరి.

2022లో అయిదు నెలల గాడ్విట్ (బురదలో తిండి వెతుక్కునే పొడుగు ముక్కు వలస పిట్ట) పిల్ల ఒకటి అలాస్కాలో లేచి ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో వాలింది. 13,560 కిలోమీటర్లు, 11 రోజులు, మధ్యలో ఎక్కడా ఆగలేదు. ఒంట్లో దాచుకున్న కొవ్వే దాని ఇంధనం. వలస వచ్చిన పిట్ట బురదలో ముక్కు పెట్టేది నీకు పోజివ్వడానికి కాదయ్యా, ఆకలేసి! దాన్ని లేపిన ప్రతిసారీ ఆ కాస్త కొవ్వూ కరుగుతుంది. నాలుగు లైకుల కోసం దాని నోటి దగ్గర తిండి లాక్కోవడానికి నువ్వెవడివి? సిగ్గుండాలి!

ఇదంతా పైకి అన్నాననుకునేరు. స్కోపు మూత పెడుతుంటే ఆయనే దగ్గరకొచ్చాడు.

"సార్, ఇందాక ఎగిరింది ఏ పిట్టండీ? క్యాప్షన్ పెట్టాలి."

"641వది," అన్నాను.

శ్రద్ధగా టైప్ చేసుకున్నాడు.