గన్స్ ఎన్ రోజెస్ వారి రాబోయే ఆల్బమ్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ కొత్త ఆల్బమ్ గారికి,

ఉభయకుశలోపరి. మీరు కడుపున పడ్డారో, ఇంకా ఎవరి తలపులోనైనా తిరుగుతున్నారో తెలియకుండానే ఈ ఉత్తరం రాస్తున్నాను. మీ అన్నగారు 2008లో పుట్టారు. ఆ తరువాత గన్స్ ఎన్ రోజెస్ అనే ఆ అమెరికా రాక్ బ్యాండు ఇంట్లో పురుడు లేదు. బ్యాండు గిటారిస్టు స్లాష్ గారు ఎక్కడ కనబడినా విలేకరులు కొత్త కోడల్ని పలకరించినట్టు “విశేషం ఏమైనా ఉందా?” అని అడుగుతూనే ఉన్నారు. ఆయనా విసుక్కోకుండా, సరుకు బోలెడుంది, కూర్చోవడమే ఆలస్యం అన్న ధోరణిలో చెబుతూనే ఉన్నారు. ఇంతకాలంగా దొరకని ఆ కుర్చీ ఏమిటో మాకైతే అంతుబట్టలేదు.

మీ అన్నగారి కథ మీకు ఇంట్లో ఎవరూ చెప్పి ఉండరు. నేను చెబుతాను, వినండి.

1991 సెప్టెంబరు 17న ఒకేరోజు రెండు ఆల్బమ్‌లు విడుదల చేసిన ఇల్లండీ అది. ‘యూజ్ యువర్ ఇల్యూజన్’ ఒకటీ, రెండూ. అలాంటివాళ్ళు 1993లో ఊళ్ళోవాళ్ళ పాటలన్నీ తెచ్చి పాడి ఒక ఆల్బమ్ ఇచ్చి, ఇక తలుపేసుకున్నారు. 1996లో స్లాష్ వెళ్ళిపోయారు, మరుసటేడు బాస్ గిటారిస్టు డఫ్ మెకేగన్. బ్యాండు పేరు మాత్రం గాయకుడు యాక్సెల్ రోజ్ దగ్గర ఉండిపోయింది. ఆయన కొత్తవాళ్ళని పెట్టుకుని ‘చైనీస్ డెమోక్రసీ’ అనే మీ అన్నగారిని మొదలుపెట్టారు. నిర్మాతలు మారారు, డ్రమ్మర్లు మారారు, రికార్డు చేసిందే మళ్ళీ రికార్డు చేశారు. ముఖానికి తెల్ల మాస్కు, నెత్తిన బోర్లించిన చికెన్ బకెట్‌తో గిటార్ వాయించే బకెట్‌హెడ్ అనే మహానుభావుడికి స్టూడియోలోనే కోళ్ళ గూడు కట్టించారు. నిజమేనండీ, నేను కల్పించలేదు. 2005 నాటికే ఖర్చు కనీసం 1.3 కోట్ల డాలర్లని న్యూయార్క్ టైమ్స్ రాసింది. చేతికొచ్చిన ఆల్బమ్ మాత్రం సున్నా.

ఈలోగా వాళ్ళ ఆల్బమ్‌లు విడుదల చేసే గెఫెన్ రికార్డు కంపెనీవారికి ఓపిక నశించి, 2004లో పాత హిట్లన్నీ ఏరి ఒక సంకలనం వదిలారు. దాన్ని ఆపించాలని యాక్సెల్ కోర్టుకెక్కారు. వెళ్ళిపోయిన స్లాష్, డఫ్ కూడా ఆయన పక్షమే. పాట చేయడానికి కుదరనివాళ్ళకి కేసు వేయడానికి కుదిరింది! కేసు నిలవలేదు, సంకలనం మాత్రం లక్షల్లో అమ్ముడుపోయింది. మీ కొంప మునిగింది అక్కడేనని నా అనుమానం. పాత పాటలే ఇంత తెచ్చిపెడుతుంటే కొత్తవాటికి తల బద్దలుకొట్టుకోవడం దేనికని ఎవరికైనా అనిపిస్తుంది కదా.

ఇక 2008లో డాక్టర్ పెప్పర్ అనే కూల్‌డ్రింకు కంపెనీ ఒక పందెం కాసింది. ఆ ఏడాది లోపల ఆల్బమ్ వస్తే అమెరికాలో ప్రతివాడికీ ఒక క్యాన్ ఉచితం, స్లాష్‌కీ బకెట్‌హెడ్‌కీ తప్ప. ఎలాగూ రాదన్న ధీమా. తీరా నవంబరు 23న మీ అన్నగారు ఊడిపడ్డారు. కూపన్ల కోసం జనం ఎగబడితే కంపెనీ వెబ్‌సైటు కూలబడింది. అభిమానులకి అన్యాయం జరిగిపోయిందని, క్షమాపణ చెప్పాల్సిందేనని యాక్సెల్ లాయరు కంపెనీకి ఘాటుగా ఉత్తరం రాశాడు. పదిహేనేళ్ళు ఆల్బమ్ ఇవ్వనివాళ్ళకి, ఒక్కరోజు కూల్‌డ్రింకు అందకపోతే అభిమానుల మీద అంత జాలి పుట్టుకొచ్చింది! మా తరఫున ఉత్తరం రాసే లాయరే దొరకలేదు. అందుకే నేను రాస్తున్నాను.

మీ అన్నగారు అంత చెడ్డవారేం కాదు. 14 పాటల్లో నాలుగైదు ఇప్పటికీ వింటాను. ‘దేర్ వాజ్ ఎ టైమ్’ చివర గిటార్ వస్తుంది చూడండీ, దానికోసం కోళ్ళ గూడేమిటి, కోళ్ళఫారమే కట్టించినా తప్పులేదు. కానీ అంత ఎదురుచూపు తరువాత ఎవరొచ్చినా “ఓస్, ఇంతేనా” అనిపించక మానదు. అమెరికా ఆల్బమ్‌ల పట్టికలో మొదటి వారం మూడో స్థానంతో సరిపెట్టుకున్నారు, పాపం.

తరువాత 2016లో, ఈ జన్మలో జరగదనుకున్నది జరిగింది. స్లాష్, డఫ్ తిరిగొచ్చారు. టూరుకి పేరు కూడా అదే పెట్టారు, ‘నాట్ ఇన్ దిస్ లైఫ్‌టైమ్’. మూడేళ్ళ పైచిలుకు తిరిగి 58 కోట్ల డాలర్లకి పైగా వసూలు చేశారు. పాడినవి చాలామటుకు పాతవే. 2018లో తొలి ఆల్బమ్‌నే పెద్ద పెట్టెలో పెట్టి 999 డాలర్లకి అమ్మారు. ఆ ఒక్క డాలరూ మా మీద దయతో తగ్గించి ఉంటారు. 2021 నుంచి అప్పుడొకటీ ఇప్పుడొకటీ విడి పాటలు వదులుతున్నారు. వాటిలో ‘అబ్సర్డ్’, ‘హార్డ్ స్కూల్’ వంటివి మీ అన్నగారి కాలంలో మిగిలిపోయినవే. బాగానే ఉన్నాయి, కాదనను. కానీ చొక్కాలన్నీ అన్నవే అయితే మీకంటూ ఏం మిగులుతుందా అని నా బెంగ.

అయినా తప్పంతా వాళ్ళ మీదే వేస్తే పాపం తగులుతుంది. మా జనం సంగతీ చెప్పాలి. కచేరీలో కొత్త పాట మొదలైతే చాలు, సగంమంది బీరు కోసం లేస్తారు. ‘స్వీట్ చైల్డ్ ఓ మైన్’ తొలి నాలుగు స్వరాలు వినబడగానే గ్లాసు ఒలికినా లెక్కచేయకుండా పరిగెత్తుకొస్తారు. 2025 మేలో ముంబై మహాలక్ష్మి రేస్‌కోర్సు కచేరీకి హైదరాబాద్ నుంచి నల్ల టీషర్టులేసుకుని రైలెక్కిన మావాళ్ళలో ఏ ఒక్కడూ “కొత్త ఆల్బమ్ ఏదిరా?” అని అడగలేదు. “‘నవంబర్ రెయిన్’ పాడతారు కదా?” అన్నదే అందరి టెన్షన్. మొన్న కోఠీలో ఫుట్‌పాత్ మీద పిస్తోళ్ళూ గులాబీలూ ఉన్న టీషర్టు బేరమాడుతుంటే, అమ్మే కుర్రాడు “ఇది ఏ కంపెనీదన్నా, బాగా పోతోంది?” అన్నాడు. ఇంత గిరాకీ చూశాక మీరు కంగారుపడి రావలసిన అవసరం ఎవరికి కనబడుతుంది?

కాబట్టి మీ వీలునిబట్టే రండి. ఒక్క మనవి. 1993 ఆల్బమ్ నవంబరు 23నే వచ్చింది, సరిగ్గా పదిహేనేళ్ళకి మీ అన్నగారూ నవంబరు 23నే. 2023లో మళ్ళీ పదిహేనేళ్ళు నిండాయి, ఆ ముహూర్తం మీరు తప్పించుకున్నారు. తరువాతిది 2038లో పడుతుంది. దయచేసి ఆ లెక్క ఇంట్లో ఎవరి చెవినా వేయకండి.

ఇట్లు,
వచ్చే టూరుకి కూడా టికెట్ కొనబోయే ఒక అభిమాని